భోగి రాత్రి బాబుకి ఫిట్స్ వచ్చినప్పుడు

2023 భోగి రోజు సాయంత్రం మా బాబుకి భోగిపళ్లు పోశాం. అప్పటికి వాడికి 14 నెలలు. మా అత్తగారిది తెనాలి దగ్గర పల్లె. పండక్కి మేం గుంటూరు నుంచి, మా బావగారి వాళ్లు హైదరాబాదు నుంచి వచ్చాం. రేగిపళ్లు, చిల్లర, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు కలిపి తల మీద పోస్తుంటే మామూలుగా అయితే వాడు పళ్లు ఏరుకుని నోట్లో పెట్టుకోవాలి. ఆ రోజు మాత్రం నా కొంగు పట్టుకుని ఒకటే ఏడుపు. ఇంతమందిని చూసి బెదిరాడన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఒళ్లు కొంచెం వెచ్చగానే తగిలింది. పొద్దున భోగిమంట దగ్గర, మధ్యాహ్నం ఎండలో తిరిగాడు కదా, అందుకే అయ్యుంటుందని సరిపెట్టుకున్నాను. అలా సరిపెట్టుకున్నందుకు తర్వాత చాలా నెలలు నన్ను నేను తిట్టుకున్నాను.

రాత్రి పదకొండున్నర దాటింది. వాకిట్లో మా తోడికోడలు అక్క, నేను సంక్రాంతి ముగ్గు వేస్తున్నాం. మా ఆయన లోపల బాబు పక్కన పడుకుని ఫోన్ చూసుకుంటున్నారు. ఉన్నట్టుండి నా పేరు పెట్టి అరిచారు. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు. పరుగెత్తాను. బాబు కళ్లు పైకి తిరిగిపోయి తెల్లగుడ్లే కనిపిస్తున్నాయి. ఒళ్లు కర్రలా బిగిసింది, వెంటనే కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. పెదాల చుట్టూ నీలంగా ఉంది, నోటి పక్క నురగ. పేరు పెట్టి పిలిస్తే పలకడం లేదు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నేను వాణ్ని ఎత్తుకోలేదు, వాకిట్లోకి పారిపోయాను. నా బిడ్డ చచ్చిపోతున్నాడని నాకు అర్థమైపోయింది, అది నా కళ్లతో చూడలేను అనిపించింది. అంతే. వాణ్ని పట్టుకున్నది అక్క. తల్లివై ఉండి అలా ఎలా వెళ్లావు అని ఎవరూ అడగలేదు. నన్ను నేను మాత్రం ఇప్పటికీ అడుగుతూనే ఉంటాను. తర్వాత మా పిల్లల డాక్టరమ్మకి ఈ మాట చెప్తే, "మొదటిసారి చూసిన అమ్మానాన్నల్లో చాలామంది బిడ్డ పోయాడనే అనుకుంటారమ్మా. చూడ్డానికి అలాగే ఉంటుంది" అన్నారు. ఆ మాట నాకు మందులా పనిచేసింది.

ఈలోగా ఇల్లంతా పోగైంది. అత్తయ్య ఇనప్పెట్టె తాళాల గుత్తి తెచ్చి వాడి గుప్పెట్లో కుక్కారు. ఎవరో ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు. పక్కింటి పెద్దాయన, "నాలుక కొరుక్కుంటాడు, స్పూన్ పెట్టండి" అని స్టీలు స్పూను తీసుకుని గిట్టకరుచుకున్న పళ్ల మధ్య దూర్చారు. నోట్లోంచి రక్తం వచ్చింది. రక్తం చూసేసరికి ఏడుపులు రెట్టింపయ్యాయి. ఇంకెవరో గ్లాసుతో నీళ్లు తాగించబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. ఆ ఒక్క పనికి ఆమెకి నేను జన్మంతా రుణపడి ఉంటాను. ఒంటి మీద తెలివి లేని పిల్లాడి నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయని మాకు తర్వాత తెలిసింది. అక్కకి అప్పటికే తెలుసా అంటే, "నాకేం తెలుసు, భయమేసి ఆపాను" అంది.

మా ఆయన 108కి ఫోన్ చేశారు. బండి బయల్దేరిందన్నారు గానీ మాకు ఆగే ఓపిక లేదు. బావగారి కారులో ఎక్కేశాం. కారు ఎక్కే వేళకే వాడి కొట్టుకోవడం ఆగిపోయింది, గుడ్డపేలికలా నా ఒళ్లో వాలిపోయాడు. నేను అప్పుడే అంతా అయిపోయిందనుకున్నాను. దారంతా వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూనే ఉన్నాను.

టౌన్లో పండగ రాత్రి తెరిచి ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాం. జ్వరం 103 దాటి ఉంది. సిరప్ తాగే స్థితిలో లేడు కాబట్టి మలద్వారంలో పెట్టే పారాసిటమాల్ గోళీ పెట్టారు. వేలికి సూది గుచ్చి షుగర్ చూశారు. టార్చ్ వేసి కంటిపాపలు చూశారు, మెడ ముందుకి వంచి చూశారు. డ్యూటీ డాక్టరు కుర్రాడు. ప్రశ్నలు మాత్రం వరసగా అడిగాడు. ఎంతసేపు వచ్చింది? రెండు వైపులా కొట్టుకున్నాయా, ఒక్క వైపేనా? కళ్లు ఎటు తిరిగాయి? ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు ఇలా వచ్చిందా?

ఎంతసేపంటే నేను అరగంట అన్నాను. బావగారు పదిహేను నిమిషాలన్నారు. మా ఆయన ఫోన్ తీసి చూశారు. 108కి చేసిన కాల్ 11:42కి. కారెక్కాక మా పెదమావయ్యకి చేసిన కాల్ 11:46కి, అప్పటికే కొట్టుకోవడం ఆగింది. అంటే మొత్తం నాలుగు, మహా అయితే ఐదు నిమిషాలు. నా అరగంట అంతే! రెండు వైపులా కొట్టుకున్నాయా అంటే ముగ్గురం మూడు రకాలుగా చెప్పాం. ఇంట్లో ఎవరికీ లేదని మా ఆయన గట్టిగా చెప్పారు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

గంటలో వాడు కళ్లు తెరిచి, నన్ను గుర్తుపట్టి, నా మెడ పట్టుకుని ఏడ్చాడు. అంత మంచి ఏడుపు నేను వినలేదు.

అక్కడితో ఇంటికి పంపేసి ఉంటే బాగుండేది. తెల్లారాక రౌండ్సుకి వచ్చిన పెద్ద డాక్టరు ఫైలు చూసి, మెదడుకి సీటీ స్కాన్, ఆ తర్వాత ఈఈజీ (మెదడులో విద్యుత్ తరంగాలు చూసే పరీక్ష), మూడు రోజులు అడ్మిషన్ అన్నారు. "మెదడులో ఏముందో తెలియాలి కదా" అని ఒక్క మాట. ఆ మాట విన్న తల్లిదండ్రులు వద్దని ఎలా అంటారు? స్కానుకి వెళ్లే ముందు మా ఆయన గుంటూరులో మా పిల్లల డాక్టరమ్మకి ఫోన్ చేశారు. సంక్రాంతి పొద్దున్న ఆవిడ ఫోన్ ఎత్తడమే మా అదృష్టం. పిల్లాడు ఎలా ఉన్నాడు, ఆడుకుంటున్నాడా, పాలు తాగాడా, మెడ బిగిసిందా, వాంతులున్నాయా, మళ్లీ వచ్చిందా అని అడిగారు. వాడు అప్పటికి నర్సు స్టెతస్కోపు లాగుతున్నాడు. "స్కాన్ అక్కర్లేదు, డిశ్చార్జ్ చేయించుకుని తీసుకురండి" అన్నారు. సంతకం పెట్టి వచ్చేశాం.

ఆవిడ ఆ రోజు పండగ చీరలోనే మా కోసం క్లినిక్ తెరిచి గంటసేపు కూర్చున్నారు. చెప్పినవన్నీ నా ఫోన్లో రాసుకున్నాను. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురి దాకా జ్వరంలో ఇలా ఫిట్స్ వస్తాయట. ఏడాది నుంచి ఏడాదిన్నర వయసులో మరీ ఎక్కువ. ఆ వయసు మెదడు జ్వరానికి అలా స్పందిస్తుంది, పెరిగేకొద్దీ ఆ గుణం పోతుంది. ఒళ్లంతా, అంటే రెండు వైపులా, 15 నిమిషాల లోపు, 24 గంటల్లో ఒక్కసారే వస్తే దాన్ని మామూలు జ్వరం ఫిట్స్ అంటారు. దాని వల్ల మెదడు దెబ్బతినదు, తెలివి తగ్గదు, చదువు పాడవదు. ఒక్క పక్కే వచ్చినా, 15 నిమిషాలు దాటినా, ఒకే రోజులో మళ్లీ వచ్చినా అప్పుడు ఇంకాస్త లోతుగా చూస్తారు. మామూలు దానికి సీటీ, ఎమ్మారై, ఈఈజీ ఏవీ అక్కర్లేదు. చూడాల్సింది మెదడుని కాదు, జ్వరం ఎందుకు వచ్చిందన్నది. ముఖ్యంగా అది మెదడువాపు, మెదడు పొరల జ్వరం కాదని తేల్చుకోవాలి. అందుకే ఆ కుర్ర డాక్టరు మెడ వంచి చూశాడు. ఏడాది లోపు పిల్లలైతే, అందులోనూ టీకాలు సరిగ్గా పడని వాళ్లైతే, వెన్నులోంచి నీరు తీసి చూడాల్సి రావచ్చట.

"ఇది మూర్ఛ రోగమేనా?" అని అడగడానికి నాకు నోరు రాలేదు, మా ఆయన అడిగారు. మామూలు పిల్లల్లో నూటికి ఒకరికి ఎప్పుడో మూర్ఛ వస్తుంది, ఈ పిల్లల్లో ఒకరిద్దరికి వస్తుంది, తేడా అంతే అన్నారు. కానీ జ్వరం ఫిట్స్ మళ్లీ వచ్చే అవకాశం మాత్రం బాగానే ఉందట. ముగ్గురిలో ఒకరికి మళ్లీ వస్తాయి. ఏడాదిన్నర లోపే మొదటిది వచ్చినవాళ్లకి, ఇంట్లో ఎవరికైనా వచ్చి ఉన్నవాళ్లకి ఇంకాస్త ఎక్కువ.

నా లోపల తొలుస్తున్నది వేరే ఉంది. ఆసుపత్రి వరండాలో మా చుట్టం ఒకావిడ, "సాయంత్రమే ఒక స్పూన్ మందు పోసుంటే ఇంతదాకా వచ్చేది కాదు కదమ్మా" అంది. అదే అడిగేశాను. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపారు. పారాసిటమాల్ పిల్లాడి ఒళ్లు నొప్పులు, చిరాకు తగ్గించడానికి, వాడు హాయిగా ఉండటానికి. అది వేసినంత మాత్రాన ఫిట్స్ రాకుండా ఆగవు, వేయకపోవడం వల్ల రావు. చాలామంది పిల్లల్లో ఫిట్స్ వచ్చాకే జ్వరం ఉందని ఇంట్లో వాళ్లకి తెలుస్తుంది. ఆ చుట్టం అన్న మాటకి ఇన్నాళ్లకీ నేను సమాధానం చెప్పలేదు గానీ, ఈ విషయం ప్రతి తల్లికీ ఎవరో ఒకరు చెప్పాలి.

ఇంకో సంగతి, పండగ హడావిడిలో పెద్ద ప్రమాదమే తప్పింది. ఇంట్లో రెండు పారాసిటమాల్ సీసాలున్నాయి. ఒకటి మా బాబుది, 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు. ఇంకోటి బావగారి పెద్దమ్మాయిది, అదే 5 మిల్లీలీటర్లలో 250. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. మందు లెక్క బరువుని బట్టి, కిలోకి 15 మిల్లీగ్రాములు. మా వాడు 10 కిలోలు, అంటే 150 మిల్లీగ్రాములు. మొదటి సీసాలో అది సుమారు 6 మిల్లీలీటర్లు, రెండో దాంట్లో 3 మాత్రమే. చిన్నపిల్లల డ్రాప్స్ అయితే ఒక్క మిల్లీలీటర్లోనే 100 ఉంటుంది కాబట్టి ఒకటిన్నర. "రెండు స్పూన్లు పోయండి" అనే మాట ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది. ఇప్పుడు మా ఇంట్లో ఒకే సీసా, దాని మీద బాబు బరువు, ఎన్ని మిల్లీలీటర్లు పోయాలి, మళ్లీ ఎన్ని గంటలకి అని మార్కర్‌తో రాసి ఉంటుంది. బరువు మారినప్పుడల్లా డాక్టరమ్మని అడిగి అంకె మారుస్తాను.

స్పూను సంగతి. వాడి కింది చిగురు చీరుకుపోయింది. ఆ రక్తం ఫిట్స్ వల్ల వచ్చింది కాదు, మా స్పూను వల్ల వచ్చింది. ఫిట్స్‌లో నాలుక మింగేయడం అనేది జరగదట. కాస్త కొరుక్కున్నా అది మానుతుంది. స్పూను, వేలు, గుడ్డ ఏది దూర్చినా పళ్లు విరిగి గొంతుకి అడ్డం పడొచ్చు. తాళాలు పెడితే ఏమవుతుంది అని మా ఆయన నవ్వుతూ అడిగారు. "ఏమీ కాదు. ఫిట్స్ ఎలాగూ రెండు మూడు నిమిషాల్లో ఆగుతాయి. అప్పటికి తాళాలు చేతిలో ఉంటాయి కాబట్టి వాటికి పేరొస్తుంది" అన్నారు.

మూడో రోజుకి జ్వరం తగ్గింది. తగ్గిన పూటే పొట్ట మీద, వీపు మీద గులాబీ రంగు చుక్కలు లేచాయి. అత్తయ్య ఫోన్లో చూసి, "అమ్మవారు పోసిందే అమ్మాయ్, వేపాకు పక్కలో వెయ్యి, తాలింపు పెట్టకు" అన్నారు. డాక్టరమ్మకి ఫొటో పంపితే అమ్మవారూ కాదు, తట్టూ కాదు, రోజియోలా అన్నారు. మూడు రోజులు గట్టి జ్వరం, అది తగ్గాక దద్దురు. ఈ వయసు పిల్లల్లో ఫిట్స్ తెచ్చే జ్వరాల్లో ఇదొకటి. రెండు రోజుల్లో చుక్కలు పోయాయి. వేపాకు మాత్రం వేశాను.

ఇక 'ఇంట్లో ఎవరికీ లేదు' అన్న సంగతి. మా ఆయన నుదుటి మీద, కనుబొమల మధ్య, బొట్టంత మచ్చ ఉంటుంది. పెళ్లిచూపుల్లోనే చూశాను. గడప మీద పడ్డానని చెప్పేవారు, ఆయనకి తెలిసిందీ అదే. ఫిబ్రవరిలో అత్తయ్య గుంటూరు వచ్చినప్పుడు బాబుని ఒళ్లో పెట్టుకుని, "ఆ రోజుల్లో అయితే కాల్చిన పసుపుకొమ్ముతో నుదుటి మీద వాత పెట్టేవాళ్లు, వాయి కట్టేసేది" అన్నారు. వాయి అంటే ఫిట్సే. నేను మా ఆయన నుదుటి వైపు చూశాను. అత్తయ్య తల దించుకున్నారు. ఆయనకి ఏడాదిన్నరప్పుడు ఒకసారి, రెండేళ్లకి ఇంకోసారి జ్వరంలో వాయి వచ్చిందట. రెండోసారి వాత పెట్టారట. మళ్లీ రాలేదు కాబట్టి వాతే పనిచేసిందని ఇన్నేళ్లూ అనుకున్నారు. మరి ఎందుకు చెప్పలేదంటే, "మూర్ఛ ఉందని తెలిస్తే పిల్లనెవరిస్తారే?" అన్నారు. నాకు కోపం రావాలి. రాలేదు. 35 ఏళ్లు ఆ మాట కడుపులో పెట్టుకుని తిరిగిన మనిషిని ఏమంటాను? డాక్టరమ్మకి చెప్తే ఫైలులో ఒక ముక్క రాసుకున్నారు, అంతే.

పద్దెనిమిదో నెలలో డీపీటీ టీకా బూస్టరు, తట్టు రాకుండా వేసే ఎమ్మార్ టీకా రెండో డోసు వేయించాలి. టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎమ్ రెండుసార్లు ఫోన్ చేస్తే ఊళ్లో లేమని అబద్ధం చెప్పాను. టీకాకి జ్వరం వస్తుంది, జ్వరానికి ఫిట్స్ వస్తాయి, ఇదీ నా లెక్క. డాక్టరమ్మ మొదటిసారి కోప్పడ్డారు. తట్టు వచ్చినా జ్వరమే కదా, అది ఇంతకంటే పెద్ద జ్వరం, దానికీ ఫిట్స్ వస్తాయి, పైగా ప్రాణాల మీదకి తెస్తుంది అన్నారు. జ్వరం ఫిట్స్ వచ్చిందని టీకాలు ఆపక్కర్లేదట. ఏ రోజు కాచుకోవాలో తెలిస్తే చాలు. డీపీటీ జ్వరం ఆ రోజో మర్నాడో వస్తుంది, ఎమ్మార్ జ్వరం వారం పది రోజులకి వస్తుంది. క్యాలెండరులో రెండు చోట్ల ఎర్ర సున్నా చుట్టుకుని వేయించాను. డీపీటీ రాత్రి 101 వచ్చింది. ఫిట్స్ రాలేదు.

రెండోసారి ఆ ఆగస్టులో వచ్చింది. వాడికి 21 నెలలు. మధ్యాహ్నం రెండింటికి, ఇంట్లో నేనూ వాడే. ముందు రోజు నుంచి జలుబు. సోఫా మీద కూర్చున్నవాడు బిగుసుకున్నాడు. ఈసారి పారిపోలేదు. ఇదేదో ధైర్యం కాదు, ఏడు నెలలుగా రోజూ పడుకునే ముందు మనసులో చేసిన రిహార్సల్. కిందికి దింపి చాప మీద ఎడమ పక్కకి తిప్పాను, నురగ బయటికి కారేలా. మెడ దగ్గర గుండీ విప్పాను. బొమ్మ కారు దూరంగా తోశాను. పట్టుకోలేదు, ఊపలేదు, మొహం మీద నీళ్లు చల్లలేదు. ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి, పక్కింటి అమ్మాయిని కేకేసి ఆమె ఫోన్లో వీడియో తియ్యమన్నాను. ఆమె నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. పిల్లాడు అలా ఉంటే వీడియో ఏంటి అని. అది డాక్టరు కోసం, ఒక వైపా రెండు వైపులా అన్న ప్రశ్నకి జవాబు అందులో ఉంటుంది.

చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. నలభై సెకన్లు. ఒక నిమిషం. పెదాలు నీలం తిరుగుతున్నాయి, నా వేళ్లు వాడి నోటి దగ్గరికి వాటంతట అవే వెళ్తున్నాయి, వెనక్కి తీసుకుంటున్నాను. ఒక నిమిషం 50 సెకన్లకి ఆగింది. పెద్ద గురక లాంటి ఊపిరి తీసి నిద్రలోకి జారాడు. స్టాప్‌వాచ్ లేకపోతే నేను పావుగంట అని ప్రమాణం చేసేదాన్ని.

ఆ సాయంత్రం డాక్టరమ్మ వీడియో రెండుసార్లు చూసి, రెండు వైపులా వచ్చింది, మామూలుదే అన్నారు. రక్తపరీక్షలో ఐరన్ తక్కువగా ఉందని తేలింది. ఐరన్ తక్కువ ఉన్న పిల్లల్లో ఈ ఫిట్స్ ఎక్కువగా కనిపిస్తాయట. వాడికి పాలు తప్ప అన్నం దిగేది కాదు మరి. ఐరన్ సిరప్ రాశారు, పాలు తగ్గించమన్నారు. రోజూ వేసే మూర్ఛ మందులు అడిగితే వద్దన్నారు. ఈ ఫిట్స్ కంటే ఆ మందుల ఇబ్బందులే ఎక్కువట. రెండుసార్లు వచ్చింది కాబట్టి జ్వరం మొదలైన రోజు నుంచి మూడు రోజులు మాత్రం వెయ్యమని క్లోబజామ్ మాత్ర, వాడి బరువుకి లెక్కగట్టి ఇచ్చారు. అది వేస్తే వాడు తాగినవాడిలా తూలుతూ నడిచేవాడు, చూస్తే నవ్వూ ఏడుపూ వచ్చేవి. దాంతో పాటు, వస్తున్న ఫిట్స్‌ని ఆపడానికి మిడజోలం ముక్కు స్ప్రే. ఐదు నిమిషాలు దాటితేనే, దాటకపోతే ముట్టుకోవద్దు. ఎన్నిసార్లు నొక్కాలో చీటీ మీద రాసిచ్చారు. ఆ చీటీ, స్ప్రే, థర్మామీటర్ ఒక టిఫిన్ డబ్బాలో పెట్టి ఎక్కడికి వెళ్లినా పట్టుకెళ్తాను. పెళ్లిళ్లకి కూడా.

ఆ స్ప్రే వాడాల్సి వచ్చింది, ఒకే ఒక్కసారి. 2024 డిసెంబరులో, తెల్లవారుజామున. రాత్రి బాగానే పడుకున్నవాడు ఐదింటికి బిగుసుకున్నాడు. ముట్టుకుంటే ఒళ్లు పేలిపోతోంది. జ్వరం ఉందని తెలిస్తే కదా మాత్ర వెయ్యడానికి! మా ఆయన టైం చూస్తున్నారు. మూడు నిమిషాలు అన్నారు. నాలుగు అన్నారు. స్ప్రే మూత తీశాను. ఐదు అనగానే చీటీలో ఉన్నన్నిసార్లు, రెండు ముక్కుల్లోనూ సగం సగం. ఆయన 108కి ఫోన్ చేశారు. ఇంకో రెండు నిమిషాలకి కొట్టుకోవడం తగ్గి ఆగింది. ఆ రోజు ఆసుపత్రిలో ఉంచారు. స్ప్రే మత్తు వల్ల ఎక్కువసేపు పడుకున్నాడు, ఊపిరి, ఆక్సిజన్ చూస్తూ ఉన్నారు. సాయంత్రానికి ఇడ్లీ అడిగాడు. ఆ తర్వాత జ్వరాలు చాలాసార్లు వచ్చాయి, ఫిట్స్ రాలేదు.

ఇప్పుడు వాడికి నాలుగు దాటాయి. బడిలో చేర్చేటప్పుడు ఫారంలో 'ఫిట్స్ ఉన్నాయా' అన్న గడి దగ్గర మా ఆయన పెన్ను ఆగింది. అత్తయ్య మాట గుర్తొచ్చి ఉంటుంది. నేను తీసుకుని 'జ్వరంలో మాత్రమే, మూడుసార్లు' అని రాసి, టీచరుని కలిసి ఏం చెయ్యాలో, ముఖ్యంగా ఏం చెయ్యకూడదో చెప్పాను. ఆవిడకి వీడియో కూడా చూపించాను, మొదటిసారి నాలా బెదిరిపోకూడదని.

వాడికో చెల్లెలు పుట్టింది. ఎనిమిది నెలలు. అన్నకి వచ్చింది కాబట్టి దానికీ వచ్చే అవకాశం మిగతా పిల్లల కంటే ఎక్కువేనని డాక్టరమ్మ ముందే చెప్పారు. పోయిన వారం దానికి ఒళ్లు కాస్త వెచ్చగా ఉందని అత్తయ్యతో అన్నాను. రాత్రి తొమ్మిదింటికి ఆవిడ నుంచి ఫోన్.

"గడియారం కనపడేలా పెట్టుకున్నావా అమ్మాయ్?"

"పెట్టుకున్నాను అత్తయ్యా."

"నోట్లో ఏం పెట్టనివ్వకు ఎవర్నీ. పక్కకి తిప్పి పడుకోబెట్టు."

"అలాగే."

"ఊఁ. తాళాల గుత్తి కూడా దిండు కింద పెట్టుకో, పోయేదేముంది."

పెట్టాను.